గోపాల్‌పూర్ సన్మానం: ఎవరి పేర్లు రాయాలి?

తీరం_లాడ్జి
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఒడిశా తీరంలోని మా గోపాల్‌పూర్‌లో లాడ్జీలు, టిఫిన్ హోటళ్లు, గవ్వల దుకాణాలు నడిపేవాళ్లం కొందరం కలిసి శీతకాలం సీజను మొదలయ్యేలోపు ఒక చిన్న సన్మానం పెట్టుకోవాలని అనుకున్నాం. పెద్ద హంగామా ఏమీ లేదు. ఒక షామియానా, యాభై కుర్చీలు, భోజనం. ఇన్ని తుఫానులు వచ్చి పోయినా గంజాం తీరానికి జనం రావడం మానలేదు కదా, ఆ రాకపోకలను నిలబెట్టినవాళ్లను పిలిచి నాలుగు మంచి మాటలు చెబుదామని ఆలోచన.

పేర్లు రాయమని బజారులో కాగితం తిప్పాం. తిరిగి వచ్చిన జాబితా చూస్తే నాకే నవ్వు వచ్చింది. పెద్ద హోటళ్ల యజమానులు, ఇద్దరు నాయకులు, ఒక కాంట్రాక్టరు. నా పేరు కూడా ఉంది. చేతిరాత మాత్రం మా బావమరిదిది.

అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఇచ్ఛాపురం దాటి ఇటు వచ్చిన మనిషి క్షేమంగా, మళ్లీ రావాలన్న మనసుతో ఇంటికి వెళ్లాడంటే అది ఎవరి చలవ?

నా సంగతి చెబుతాను. 2013 అక్టోబరు, దసరా సెలవులు. లాడ్జిలో పద్నాలుగు గదులూ నిండాయి. ఫైలిన్ తుఫాను వస్తోందని టీవీలో చెబుతున్నారు గానీ, గురువారం నాడు మా ముందు ఎండ కాస్తోంది, పిల్లలు ఇసుకలో ఆడుకుంటున్నారు. మధ్యాహ్నం మా ఒడ్డున చేపలు పట్టే ఒక నోలియా తాత వచ్చి కౌంటరు దగ్గర నిలబడ్డాడు. తడి పంచెతో లోపలికి రాడు, అది ఆయన మర్యాద. ఆ రోజు వచ్చాడు. "బాబూ, గాలి లేదు. అల మాత్రం పొడుగ్గా, ఆగి ఆగి వస్తోంది. ఇది ఇక్కడ పుట్టిన అల కాదు. గదులు ఖాళీ చేయించు" అన్నాడు.

అడ్వాన్సులు తిరిగి ఇచ్చి సాయంత్రానికల్లా అందరినీ బరంపురం స్టేషనుకు పంపాను. కలకత్తా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తున్నాయి. శనివారం, అష్టమి రాత్రి, తుఫాను సరిగ్గా మా దగ్గరే తీరం దాటింది. ఆదివారం పొద్దున చూస్తే కింది గదుల్లో మోకాలెత్తు ఇసుక. ఒక మంచం మేడమెట్ల మీద ఇరుక్కుని ఉంది, ఎలా ఎక్కిందో తెలియదు. దీపావళి దాటాక గానీ కరెంటు రాలేదు.

నా దృష్టిలో మొదటి పేరు ఆ తాతది. మీరు చెప్పండి.


బరంపురం_పట్టు
ఆదివారం, రాత్రి 9:52

లాడ్జి అన్నగారూ, సన్మానం అనే మాట వింటేనే నాకు భయం. మా బరంపురంలో శాలువాలకు కొదవ లేదు. కప్పించుకున్నవాళ్లలో సగం మంది ఆ శాలువాను మళ్లీ మా దుకాణానికే తెచ్చి మార్చుకుంటారు.

ఇంకొకటి. "తుఫానులను తట్టుకుని నిలబడ్డారు" అంటూ అందరూ పొగుడుతారు. నిలబడక ఎక్కడికి పోతాం? దుకాణం మీద అప్పు ఉంది, పిల్లల చదువులు ఉన్నాయి. అందుకే తలుపు తీశాం. దానికి పెద్ద పేరు పెట్టడం ఎందుకు? 1999లో అందరికీ గుర్తున్నది అక్టోబరు 29 నాటి మహా తుఫాను. దానికి పన్నెండు రోజుల ముందు, 17వ తేదీన, మన గోపాల్‌పూర్ దగ్గరే ఇంకొక పెద్ద తుఫాను తీరం దాటింది. మా ఇంటి పైకప్పు ఆ రోజే పోయింది. రెండోది అంతకన్నా ఎన్నో రెట్లు మనుషుల్ని మింగింది కాబట్టి మొదటిదాన్ని ఎవరూ లెక్కలోకే తీసుకోలేదు. అప్పుడు మమ్మల్ని ఎవరూ పిలిచి దండ వేయలేదు. వేయనందుకు బాధా లేదు.

భోజనం అన్నారు కాబట్టి వస్తాను.


రంభరేవు
సోమవారం, ఉదయం 6:20

పట్టు గారి మాటలో నిజం ఉంది గానీ మొత్తం నిజం కాదు. చిల్కా సరస్సు సంగతి చూడండి.

మేము రంభ రేవులో పడవలు నడుపుతాం. మా నాన్న కాలంలో ఒక దశలో సరస్సు చచ్చిపోతోందని అందరూ అనుకున్నారు. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారం మేటలు వేసి మూసుకుపోతూ వచ్చింది. ఉప్పునీరు లోపలికి రావడం తగ్గింది. ఉప్పు తగ్గేసరికి నాచు, గడ్డి పెరిగాయి. రొయ్య, పీత తగ్గాయి. పడవ పంకాకు గడ్డి చుట్టుకుంటే నాన్న రోజుకు నాలుగైదుసార్లు నీళ్లలోకి దిగి కొడవలితో కోసేవాడు. పర్యాటకులు పడవలో కూర్చుని గడియారం చూసుకునేవారు. 1981లో దేశంలోనే మొదటి రామ్‌సర్ స్థలాల్లో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల్లో, ఒకటిగా గుర్తింపు పొందిన సరస్సు, 1993 నాటికి ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకు ఎక్కింది.

తరువాత 2000 సెప్టెంబరులో సిపాకుడా వైపు కొత్త ముఖద్వారం తవ్వారు. ఉప్పు తిరిగి వచ్చింది, చేప తిరిగి వచ్చింది. 2002లో ఆ ప్రమాద జాబితా నుంచి చిల్కా పేరు తీసేశారు. ఆసియాలో అలా బయటపడిన మొదటిది మనదే. ఇప్పుడు చలికాలంలో లెక్కపెడితే పక్షులు పది లక్షలు దాటుతున్నాయి.

ఇది ఎవరి ఘనత? శాస్త్రవేత్తలది, ఇంజనీర్లది, సరే. ఉత్తరం వైపు మంగళాజోడిలో ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్ముకున్నవాళ్లే తుపాకులు పక్కన పెట్టి, గెడ తోసే చదును పడవల్లో అవే పక్షులను జనానికి చూపిస్తున్నారు. 2018లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ వాళ్ల ట్రస్టుకు పురస్కారం ఇచ్చింది. వాళ్లకు తలుపు తెరవక వేరే దారి లేదని అనగలరా? వేట ఉంది కదా, సులువుగా డబ్బు వచ్చే దారే అది. దాన్ని మూసేసుకున్నారు.


విశాఖ_ప్రయాణి
సోమవారం, ఉదయం 11:05

నేను మీ ప్రాంతం వాడిని కాను, ఏటా వచ్చిపోయేవాడిని. రంభ పేరు వచ్చింది కాబట్టి ఒక తప్పు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట ఏప్రిల్‌లో కుటుంబంతో రంభ వచ్చాం. బ్రేక్‌ఫాస్ట్ దీవి, స్నాడ్‌గ్రాస్ దొర రాతి మీద కట్టించిన దీపస్తంభం చూడాలని పిల్లల గొడవ. మధ్యాహ్నం మూడు దాటింది. డబ్బు కట్టాం, పడవ ఎక్కి కూర్చున్నాం. పడవ అబ్బాయి వాయవ్య మూలకు చూసి, తాడు విప్పబోయి మళ్లీ కట్టేశాడు. "ఇవాళ వద్దండి" అన్నాడు. ఆకాశంలో ఆ మూల అరచేయంత నలుపు తప్ప ఏమీ లేదు. రెట్టింపు ఇస్తానన్నాను. పలకలేదు. డబ్బు వెనక్కి ఇచ్చాడు. నేను కోపంతో అక్కడే ఫోను తీసి ఒక్క నక్షత్రం ఇచ్చి, "మర్యాద తెలియని మనుషులు" అని రాశాను.

ముప్పావు గంటలో గాలి లేచింది. రేవులో కట్టి ఉన్న పడవలే ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. టీ దుకాణం రేకు ఎగిరిపోయింది. మేము ఆ దుకాణంలోనే ఉన్నాం. మా చిన్నది నా చొక్కా వదల్లేదు.

ఆ ఒక్క నక్షత్రం తీసేయాలని ఇంటికి వెళ్లాక చూస్తే, పాస్‌వర్డు మరిచిపోయాను. అది ఇప్పటికీ అక్కడే ఉంది. రంభరేవు గారూ, ఆ అబ్బాయి మీకు తెలిసినవాడైతే క్షమించమని చెప్పండి.


రంభరేవు
సోమవారం, ఉదయం 11:40

ఆకుపచ్చ పడవా, నీలం పడవా?


విశాఖ_ప్రయాణి
సోమవారం, ఉదయం 11:43

నీలం. ముందు భాగంలో కన్ను బొమ్మ వేసి ఉంది.


రంభరేవు
సోమవారం, ఉదయం 11:58

మా తమ్ముడు. ఆ నక్షత్రం సంగతి మాకు తెలుసు లెండి. ఆ ఏడాది బుకింగులు తగ్గాయి, వాడికి ఇంట్లో చీవాట్లు కూడా పడ్డాయి, నేనూ తిట్టాను. వేసవిలో ఉన్నట్టుండి లేచే కాలబైశాఖీ గాలికి చిల్కాలో నీళ్లు లోతు తక్కువ కాబట్టి అల పొట్టిగా, గట్టిగా లేస్తుంది. పక్కకు తిరిగిన పడవను నిలబెట్టడం కష్టం. ఇవన్నీ కస్టమరుకు చెప్పి ఒప్పించే నోరు వాడికి లేదు. "వద్దండి" ఒక్కటే వచ్చు.


తీరం_లాడ్జి
సోమవారం, మధ్యాహ్నం 1:15

నాకు కావలసింది దొరికింది. ఎవరు ఎంతమందిని రప్పించారు అన్నది వదిలేద్దాం. ఎవరు ఎప్పుడు "వద్దు" అని వెనక్కి పంపారు, దానివల్ల ఎంత నష్టపోయారు, ఆ లెక్కన పేర్లు రాద్దాం. ఆ రోజు సంపాదన పోగొట్టుకుని మనిషిని కాపాడినవాళ్లు. మిగతా జాబితాను మా బావమరిదికి ఇచ్చేస్తాను.


పోడంపేట_పిల్ల
సోమవారం, సాయంత్రం 5:30

అలా అయితే మా అమ్మ పేరు రాయండి.

మాది ఋషికుల్య నది సముద్రంలో కలిసే ముఖం దగ్గర మత్స్యకారుల ఊరు. పాత ఊరు సముద్రం కోతకు పోయింది, లోపలికి తరలివచ్చాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, తాబేళ్ల కాలంలో వచ్చినవాళ్లతో ఏ భాష వస్తే అది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులు గుంపులుగా ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. 2025 ఫిబ్రవరిలో దాదాపు ఏడు లక్షలు వచ్చాయని లెక్క తేల్చారు. ఆ వారం కాలు పెట్టడానికి చోటు ఉండదు. ఒక తాబేలు తవ్విన గుంటలోంచి ఇంకొక తాబేలు పెట్టిన గుడ్లు పైకి వస్తుంటాయి.

చూడడానికి కార్లు వస్తాయి. టార్చిలైట్లు, ఫోను లైట్లు. గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతున్న తాబేలు వెలుతురు చూస్తే వెనక్కి తిరిగి సముద్రంలోకి పోతుంది. నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అవి వెలుతురు ఎటు ఉంటే అటు పాకుతాయి, ఆ వెలుతురు నీళ్ల మీది ఆకాశం అనుకుని. ఊళ్లో దీపం వెలుగుతుంటే ఊళ్లోకే వచ్చి కుక్కల నోట పడతాయి. అందుకని మేము వీధి దీపాలు ఆర్పేస్తాం. మా అమ్మ చేతిలో చీపురు పట్టుకుని కట్ట మీద కూర్చుంటుంది. లైటు వెలిగిస్తే తిడుతుంది. కారు ఎంత పెద్దదైతే తిట్టు అంత పెద్దది. ఇసుకలో దారి తప్పిన పిల్లలను మేము బుట్టల్లో ఎత్తి నీళ్ల అంచున వదులుతాం. నీళ్లలో మాత్రం వదలం. తడి ఇసుక మీద కొంత దూరం తమంతట తామే నడవాలి.

ఇంకొక మాట కూడా రాయాలి. నవంబరు 1 నుంచి మే 31 వరకు మా ముఖద్వారం చుట్టూ సముద్రంలో వేట నిషేధం. ఏడు నెలలు. మా నాన్న లాంటివాళ్లు ఇచ్ఛాపురం అవతలికి, కొందరు చెన్నై వైపు, కేరళ వైపు పనికి వెళతారు. తాబేళ్ల ఫోటోలు పత్రికల్లో వచ్చిన రోజు అందరూ ఒడిశా గర్వం అంటారు. ఆ గర్వానికి పస్తు ఉన్నది ఎవరో ఎవరూ రాయరు. మీ షామియానాలో ఆ మాట చెప్పనిస్తే వస్తాం.


తీరం_లాడ్జి
సోమవారం, సాయంత్రం 5:48

చెప్పనివ్వడం ఏమిటమ్మా, మైకు ముందు నీకే. అమ్మను చీపురుతోనే రమ్మను.


పర్లాకిమిడి_మాస్టారు
సోమవారం, రాత్రి 8:30

చిరంజీవి పోడంపేట అమ్మాయి రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, తప్పులు దిద్దడం అలవాటు. అందులో దిద్దడానికి ఒక్కటీ లేదు.

నోలియా అన్న పేరు గురించి ఒక మాట. అది ఒడియావాళ్లు పెట్టిన పేరు. వాళ్లు తమను వాడబలిజలుగా చెప్పుకుంటారు. గోపాల్‌పూర్‌లోనే కాదు, పూరీ పెంటకోటలోనూ తెలుగు వినబడేది వాళ్ల వల్లనే. పూరీలో తెల్లటి శంకు టోపీ పెట్టుకుని యాత్రికుల చేయి పట్టుకుని సముద్ర స్నానం చేయించేది ఈ తెలుగు బెస్తలే. దేశం నలుమూలల నుంచి జగన్నాథుడి దర్శనానికి వచ్చినవాళ్లు సముద్రంలో మునిగి లేచేది మన భాష మాట్లాడే చేతిని నమ్ముకుని. సన్మాన పత్రంలో వాళ్ల పేరు వాళ్లు చెప్పుకున్నట్టు రాయండి.

ఇక మా గజపతి జిల్లా సంగతి. తీరంలో మీకు తుఫాను అంటే గాలి, అల. మాకు తుఫాను అంటే కొండ. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటింది. గాలి మీ పక్క, వాన మా పక్క. కొండలు రెండు రోజులు నానాయి. బరఘరా దగ్గర కొండచరియ విరిగి, తలదాచుకున్న మనుషుల మీదే పడింది. ఒడిశాలో ఆ తుఫానుకు పోయిన ప్రాణాల్లో ఎక్కువ మా జిల్లావే.

తరువాతి శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కాలని మా పాత విద్యార్థులు కొందరు వచ్చారు. 1501 మీటర్ల కొండ, పైన కుంతి గుడి, భీముడి గుడి, యుధిష్ఠిరుడి గుడి; పరశురాముడు తపస్సు చేసిన చోటని నమ్మకం. శివరాత్రికి జనం పోటెత్తుతారు. జీపు డ్రైవరు సగం దాకా తీసుకువెళ్లి ఆపాడు. దిగి, రోడ్డు అంచున కాలితో నొక్కి చూశాడు. మట్టి మెత్తగా లోపలికి దిగింది. ఎక్కి, జీపు వెనక్కి తిప్పాడు. అరగంట ప్రయాణానికి తీసుకోవలసిన డబ్బు కూడా తీసుకోలేదు, "శివరాత్రి నాడు సగం కొండకు డబ్బు తీసుకోకూడదు" అన్నాడు. ఆ నియమం ఏ పురాణంలో ఉందో నాకు తెలియదు. మీ లెక్కన ఆయన పేరు రాయవచ్చు.

విషయం కాకపోయినా ఒకటి చెప్పుకోనివ్వండి. నౌపడా నుంచి మా ఊరికి 1900 నుంచి చిన్న రైలు నడిచేది, మా రాజావారు వేయించినది. 2004లో ఆపేసి పెద్ద పట్టాలు వేశారు. అవసరమే. కానీ ఆ చిన్న రైలును ఒక పది కిలోమీటర్లయినా ఉంచుకుని ఉంటే డార్జిలింగు దాకా పోవలసిన అవసరం లేకుండా పిల్లలు మా ఊరే వచ్చేవారు. కాపాడుకోవడంలో మనం ఎప్పుడూ గొప్పవాళ్లమేమీ కాదు.


రాయగడ_రైలు
సోమవారం, రాత్రి 10:05

మాస్టారు గారికి నమస్కారం. తీరం, తీరం అని అందరూ రాస్తున్నారు, మా రాయగడ కూడా కలిసి ఉండిన అవిభక్త కొరాపుట్ జిల్లాను ఎవరూ తలవలేదు. అలవాటే.

మా దగ్గరికి తుఫాను మీ తీరంలో అంత గట్టిగా రాదు. వచ్చింది వేరే. 2012లో గంజాం, కంధమాల్ సరిహద్దు అడవుల్లో ఇద్దరు ఇటలీ దేశస్థులను మావోయిస్టులు పట్టుకుపోయారు. అది జరిగింది మా జిల్లాలో కాదు. కానీ విదేశీయులకు రాయగడ, కొరాపుట్, కంధమాల్ అన్నీ ఒకటే అడవి. నాకు తెలిసిన ఒక గైడు ఆ ఏడాది ఇంగ్లీషు, ఫ్రెంచి మాటలు రాసుకున్న నోటు పుస్తకం అటక మీద పడేసి ఇటుక బట్టీలో లెక్కలు రాశాడు. మూడేళ్ల తరువాత దించాడు.

అతని పేరే రాయమంటాను, ఇంకొక కారణానికి. గురువారం ఒనుకుడెల్లి సంతకు బోండా గిరిజన స్త్రీలు వస్తారు. బుధవారం చాటికొనలో డోంగ్రియా కొంధుల సంత. వాళ్లు వచ్చేది పసుపు, అల్లం, చింతపండు అమ్ముకుని ఉప్పు, నూనె కొనుక్కోవడానికి. మనవాళ్లు వెళ్లేది ఫోటోల కోసం. మెడలో పూసలు చూసి ముఖం మీద కెమెరా పెడతారు. ఈ గైడు సంతకు కిలోమీటరు ముందే బండి ఆపి కెమెరాలన్నీ సంచిలో వేయించి డిక్కీలో పెట్టి తాళం వేస్తాడు. ఒప్పుకోకపోతే బండి దుడుమ జలపాతం వైపు తిప్పుతాడు. 175 మీటర్ల ఎత్తు నుంచి పడే నీళ్లను ఎన్ని ఫోటోలు తీసుకున్నా అవి సిగ్గుపడవు అంటాడు. దీనివల్ల అతనికి వచ్చే బేరాలు తక్కువ, వచ్చినవాళ్లు మాత్రం మళ్లీ వస్తారు.


నిర్వాహకుడు
సోమవారం, రాత్రి 10:40

రెండు సందేశాలు తొలగించాను. నాయకుల పేర్లు, పార్టీల లెక్కలు ఇక్కడ వద్దు. అతిథులను తిట్టే పోటీ కూడా వద్దు. పోడంపేట అమ్మగారికి మాత్రమే మినహాయింపు.


ఛత్రపురం_మొగలి
మంగళవారం, ఉదయం 7:15

మీ అందరి కథలూ బాగున్నాయి. లాడ్జి అన్నగారిని ఒక్కటి అడుగుతాను. మోకాలెత్తు ఇసుక అన్నారు. తీసింది మీరా?

ఎందుకు అడుగుతున్నానంటే మా ఇంట్లో మొగలిపూల పని. సూర్యుడు ఎక్కకముందే పూలు కోయాలి, వాసన పోకముందే రాగి పాత్రల్లో కాచి అత్తరు తీయాలి. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఇప్పుడు ఆ బట్టీలు చూడడానికి కూడా జనం వస్తున్నారు. ఫైలిన్ ఉప్పుగాలికి తీరం పొడవునా మొగలి పొదలు కాల్చినట్టు ఎర్రబడ్డాయి. బట్టీ ఆగింది. మా అత్తగారు, నేను, పక్కింటి పిన్ని గోపాల్‌పూర్ లాడ్జీల్లో కూలికి వెళ్లాం. ఇసుక తట్టలతో ఎత్తాం. తడి ఇసుక ఎంత బరువో మోసినవాళ్లకే తెలుస్తుంది. పరుపులు ఎండబెట్టాం, ఉప్పు మరకలు పోవడానికి ఒక్కొక్క దుప్పటిని మూడేసి నీళ్లల్లో జాడించాం. మంచినీళ్లకే కరువు ఉన్న రోజులు అవి. డిసెంబరుకల్లా గదులు తెరిచారు, పత్రికలో యజమాని ఫోటో వచ్చింది.

మీ లాడ్జి అని అనడం లేదు. మీ లాడ్జి కాదని కూడా అనడం లేదు.


తీరం_లాడ్జి
మంగళవారం, ఉదయం 9:30

చెల్లెమ్మా, నేను కాదు తీసింది.

ఏడుగురు ఆడవాళ్లు పదకొండు రోజులు తీశారు. నేను కుర్చీ వేసుకుని తట్టలు లెక్కపెట్టాను. సగం కూలి అప్పుడు ఇచ్చాను, మిగతా సగం సంక్రాంతి దాటాక. అప్పట్లో నా చేతిలో లేదు, అది నిజమే. కానీ ఆ మూడు నెలలూ వాళ్ల చేతిలో ఏముందో నేను అడగలేదు. పైన రాసిన కథలో వాళ్లను ఎందుకు మరిచిపోయానో కూడా తెలియడం లేదు. మొన్న రాసేటప్పుడు మంచం గుర్తుకు వచ్చింది, మనుషులు రాలేదు.

ఏడుగురిలో అయిదుగురి ఇళ్లు తెలుసు. మిగతా ఇద్దరి కోసం అడుగుతాను.


బరంపురం_పట్టు
మంగళవారం, మధ్యాహ్నం 12:20

భోజనానికి మాత్రమే వస్తానని రాసినవాణ్ణి, కాస్త సిగ్గుగా ఉంది. అయినా ఒక పని మాట.

మన దగ్గరే వెంకట్రాయ్‌పూర్ అనే మత్స్యకారుల పల్లె ఉంది. సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామంగా 2020లో యునెస్కో సముద్ర విభాగం గుర్తించింది. దేశంలో మొదటి రెండు ఊళ్లలో ఒకటి. రెండోది జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోని నోలియాసాహి. ఎటు పరిగెత్తాలో, ఎక్కడ చేరాలో చూపించే బోర్డులు, పటాలు, ఏటా అభ్యాసాలు, అన్నీ ఉన్నాయి. ఆ ఊరి పిల్లవాడికి తెలిసిన దారి మన లాడ్జిలో దిగిన అతిథికి తెలియదు. ప్రతి గది తలుపు వెనక భోజనం ధరల పట్టిక ఉంటుంది. దాని పక్కన ఆ దారి పటం ఎందుకు ఉండకూడదు? సన్మానం రోజున అది పంచండి. అచ్చు ఖర్చు నాది.


విశాఖ_ప్రయాణి
మంగళవారం, మధ్యాహ్నం 12:41

అతిథిగా చెబుతున్నాను, మంచి ఆలోచన. కానీ గదిలోకి అడుగు పెట్టగానే సునామీ అని రాసి ఉంటే మా ఆవిడ ఆ క్షణమే వెనక్కి తిరుగుతుంది.


బరంపురం_పట్టు
మంగళవారం, మధ్యాహ్నం 12:50

విమానంలో లైఫ్ జాకెట్ చూపించినప్పుడు దిగిపోతున్నారా? కింద మంచి పట్టుచీర అంచు డిజైను వేయిస్తాను. ఆవిడ అంచు చూస్తారు, మీరు దారి చూడండి.


రంభరేవు
మంగళవారం, రాత్రి 7:40

తమ్ముడితో మాట్లాడాను. సన్మానం అంటే రానన్నాడు, మాట్లాడమంటారేమోనని భయం. నీలం పడవ మీద జనాన్ని దించడానికి వస్తానన్నాడు. రంభ నుంచి గోపాల్‌పూర్‌కు పడవ రాదురా అంటే, బస్సులో వస్తానన్నాడు.

విశాఖ సార్, ఆ పాస్‌వర్డు మార్చుకునే పద్ధతి మా మేనల్లుడికి తెలుసు. మీ నంబరు ఇక్కడ రాయకండి, నిర్వాహకుడి ద్వారా పంపండి.


తీరం_లాడ్జి
బుధవారం, సాయంత్రం 6:25

పేర్లు ఇలా వచ్చాయి: వాడబలిజ తాత, నీలం పడవ అబ్బాయి, పోడంపేట అమ్మ, మహేంద్రగిరి జీపు డ్రైవరు, కొరాపుట్ గైడు, ఇసుక ఎత్తిన ఏడుగురు. ఆ ఏడుగురిలో ఒకావిడ కాలం చేశారు. ఆమె కోడలు వస్తుంది. మంగళాజోడి వాళ్లకు ఉత్తరం రాస్తాం, వచ్చేదీ లేనిదీ వాళ్ల ఇష్టం.

ఇవాళ తాత దగ్గరికి వెళ్లాను. వల పాయలు విడదీస్తున్నాడు. చూపు తగ్గింది, వేళ్లతోనే తడిమి చిరుగు పట్టుకుంటున్నాడు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి రావాలి తాతా, నీకు సన్మానం అన్నాను. ఎందుకు అని అడగలేదు. "ఆదివారం నాలుగింటికా? కుదరదు బాబూ" అన్నాడు. ఆ వేళకే జనం ఎక్కువగా నీళ్లలోకి దిగుతారు, తను ఒడ్డున ఉండాలట. మరి నీ మనవడు ఉన్నాడు కదా అంటే, "వాడు ఈదగలడు. ఎవరు మునగబోతున్నారో ముందుగా చూడడం ఇంకా రాలేదు" అన్నాడు. చూపు తగ్గిన మనిషి ఆ మాట అంటే నవ్వాలో ఏమనాలో తెలియక ఊరుకున్నాను.

కాబట్టి తేదీ మారింది. మంగళవారం, పొద్దున పదకొండు గంటలకు. ఎండ ఉంటుంది, జనం నీళ్లలో ఉండరు.


ఛత్రపురం_మొగలి
బుధవారం, రాత్రి 7:02

మంగళవారం బట్టీ పని తొమ్మిదికల్లా అయిపోతుంది. వస్తాం. మా అత్తగారు మీ లాడ్జి పేరు విని, పైమెట్ల మీద మంచం దించింది తనే అని చెప్పమంది.


బరంపురం_పట్టు
బుధవారం, రాత్రి 7:30

మంగళవారం మా వీధి దుకాణాలకు సెలవు. యాభై కుర్చీలు చాలవు, ఇంకో ముప్పై నేను తెస్తాను. షామియానా తాళ్లు మాత్రం తాతతో కట్టించండి.